కాలేజీ వరండాలో నీళ్ళ కాపలా

నాకు ఇన్నాళ్ళూ రాయడం రాకపోవడానికి కారణం ఒక తాటిదుంగ.

మా పుట్టిల్లు రేపల్లె దాటాక, నగరం అనే ఊరి వైపు, కాలువ చివరన ఉన్న ఊరు. బడి కాలువకు అవతలి గట్టున ఉండేది. దాటడానికి ఒక తాటిదుంగ అడ్డంగా వేశారు. నేను బడిలో చేరిన ఏడాది, వానల్లో, ఒక ఆడపిల్ల దాని మీద నుంచి జారి కాలువలో పడింది. ఎవరో దూకి తీశారు. ఏమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి ఊళ్ళో ఆడపిల్లలందరినీ బడి మాన్పించేశారు. మగపిల్లలు కూడా ఆ దుంగ మీద నుంచి పడుతూనే ఉండేవాళ్ళు. వాళ్ళకు పొడిచొక్కా తొడిగి మళ్ళీ బడికి పంపేవారు. మాకు భూమి లేక కాదు, తిండి లేక కాదు. ఆ దుంగ తీసి చిన్న వంతెన వేయిద్దామని ఊళ్ళో ఒక్క మగవాడికీ తోచలేదు, అంతే.

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. వచ్చాక కూడా ఊళ్ళ పేర్లు, సరుకుల పేర్లు రాసుకున్నానే గానీ ఇలా కూర్చుని రాయాలనుకోలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా చుట్టాల్లో ఈ సంగతి వేరే రకంగా తిరుగుతోంది. అత్తగారు కోడలి కాలేజీకి వెళ్ళి ఏడ్చిందట, కాలేజీ ఆయన జాలిపడి సంతకం పెట్టాడట. నేను ఏడవలేదు. ఆయన జాలిపడలేదు. ఈ రెండు మాటలూ నా చేత్తో రాసి పెట్టాలని కూర్చున్నాను.

మా కోడలు బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. మేముండేది తెనాలి పక్కన అంగలకుదురులో. మా అబ్బాయికి తెనాలిలో పంపుసెట్లు బాగుచేసే షాపు ఉంది. మా ఆయన పోయాక, నా పుట్టింటి పక్క ఊళ్ళోనే ఉన్న పొలం కౌలుకిచ్చి నేను వీళ్ళ దగ్గరికి వచ్చేశాను. కోడలమ్మాయి రోజూ తెనాలిలో రైలెక్కి బాపట్ల వెళ్ళి వస్తుంది.

పాఠాలు కాక తనకు ఇంకో పని ఉంది. మా పుట్టింటి వైపు బోర్లలో నీళ్ళు ఏటేటా ఉప్పెక్కుతున్నాయి. సముద్రం దగ్గర కాబట్టి ఎక్కుతున్నాయని అందరూ అనేస్తారు. అమ్మాయి అలా వదిలిపెట్టదు. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎందుకు తియ్యగా ఉంది, ఒకటి ఎందుకు చేదెక్కింది, ఎంత లోతులో ఏ ఉప్పు ఉంది, అది తేల్చాలని పట్టు. సెలవు వస్తే సీసాలు సంచిలో వేసుకుని రేపల్లె రైలెక్కేది. ఆ ఊళ్ళూ ఆ గట్లూ నాకు తెలుసు కాబట్టి నేనూ వెంట వెళ్ళేదాన్ని. ప్రతి సీసా మీదా ఊరి పేరు రాసి అంటించేది.

ఒకసారి గట్టు మీద కూర్చుని, "అత్తయ్యా, ఆ నగరం సీసా ఇలా ఇవ్వండి" అంది. వరసగా ఉన్న సీసాల్ని చూస్తూ నేను ఊరికే ఉండిపోయాను. నాకు చదవడం రాదని అమ్మాయికి అర్థమైంది. ఆ సీసా తనే తీసి నా ముందు పెట్టి, "ఇది న. ఇది గ. ఇది రం" అంది. అలా మొదలైంది. మా ఊళ్ళ పేర్లన్నీ చదవడం వచ్చాక గానీ అక్షరాలకు ఒక వరస ఉందని, అది 'అ'తో మొదలవుతుందని నాకు తెలియలేదు.

ఇక ఫెలోషిప్పు సంగతి. సైన్సు చెప్పే లెక్చరర్లకు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళలోనే పరిశోధన నిలబెట్టుకోమని ఇచ్చేది ఒకటుంది. మూడేళ్ళు ఇస్తారు. ప్రయోగాల మందులకూ సామానుకూ డబ్బు ఇస్తారు, హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబులో సెలవుల్లో పని చేసుకోనిస్తారు. దానికి ఒక షరతు ఉంది. ఆ మూడేళ్ళూ కాలేజీ వాళ్ళు ఆ లెక్చరరుకు క్లాసులు సగానికి తగ్గించాలి. చిన్న కాలేజీల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాఠాలు చెప్పేవాళ్ళ దగ్గర ఇంకో పనికి ఓపిక మిగలదని ఆ ఇచ్చేవాళ్ళకు తెలుసన్నమాట. వయసు పరిమితి కూడా ఉంది. నిరుడు అమ్మాయి పెట్టింది, రాలేదు. ఈ ఏడాది మళ్ళీ పెట్టింది. కంప్యూటర్లో ఇంటర్వ్యూ జరిగింది. నేను కుక్కరు కూడా పెట్టకుండా వంటింట్లో చప్పుడు కాకుండా కూర్చున్నాను. వచ్చింది! వచ్చే ఏడాదికి తనకు వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. పైగా ఫెలోషిప్పు వచ్చేనాటికి తనకు ఐదో నెల.

క్లాసులు సగం చేస్తున్నామని కాలేజీ సంతకం చేసిన కాగితం ఫలానా శుక్రవారంలోగా పంపాలి. పంపకపోతే ఫెలోషిప్పు వేరేవాళ్ళకు పోతుంది.

ఆ కాలేజీలో ప్రిన్సిపాలు ఉన్నారు గానీ, మాట చెల్లేది కాలేజీ నడిపే కరస్పాండెంటు గారిది. ఫెలోషిప్పు వచ్చిందని తెలిసిన రెండో రోజే ఆయన గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. అందులో అమ్మాయి ఫొటో, కింద శుభాకాంక్షలు, దాని కింద అడ్మిషన్లు జరుగుచున్నవి అని. అంత ఫ్లెక్సీ కట్టించిన మనిషి, జానెడు కాగితం మీద సంతకం మాత్రం పెట్టలేదు.

"పెట్టారా?" అని రోజూ సాయంత్రం అడిగేదాన్ని.

"రేపు రమ్మన్నారు అత్తయ్యా."

"నిన్న కూడా రేపేగా."

"అడ్మిషన్లు అయిపోనీ అమ్మా, చూద్దాం అన్నారు."

"అవెప్పుడు అయిపోతాయంట?"

"ఫెలోషిప్పు పోయాక" అని నవ్వేసింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. వదిలేసుకునేవాళ్ళే అలా నవ్వుతారు. బుధవారం సాయంత్రం చెప్పులు విప్పుతూ, "పోనీలెండి అత్తయ్యా. పురుడొస్తోంది, ఎలాగూ కష్టమే" అంది. ఆ మాట కరస్పాండెంటు గారిదే, అమ్మాయి నోట్లో నుంచి వచ్చింది.

"రేపు నేనూ వస్తా" అన్నాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది, అది చెప్పాలి. కాలువ మొదట్లో పొలాలున్నవాళ్ళు పైరైతులు. చివర ఉన్నవాళ్ళం శివారు రైతులం. మా వంతు వచ్చిన రోజున పైవాళ్ళు తమ తూముల షట్టర్లు దించి కాలువ నీళ్ళు కిందికి వదలాలి. వదలరు. చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ మడి కూడా నీళ్ళు అడుగుతూనే ఉంటుంది. అందుకని మా ఇళ్ళలో నుంచి ఎవరో ఒకరు కాలువ పొడుగునా నడుచుకుంటూ వెళ్ళి ఆ తూము దగ్గర కూర్చుంటారు. మా ఆయన మెట్ట ఊళ్ళ వైపు పనికి వెళ్ళినప్పుడల్లా నేనే కూర్చున్నాను. దీనికి నియమాలున్నాయి. షట్టరు మీద చెయ్యి వేయకూడదు. నోరు లేపకూడదు. నోరు లేపితే అది తగాదా అవుతుంది, తగాదా అయితే పెద్దమనుషులు కూర్చుంటారు, వాళ్ళు తేల్చేలోపు మన నారుమడి ఎండిపోతుంది. తిండీ నీళ్ళూ మనవే తీసుకెళ్ళాలి. పైరైతు ఇంట్లో నుంచి మజ్జిగ పంపినా తాగకూడదు. తాగితే మర్యాదకు మర్యాద చెల్లిపోయినట్టే, ఇక లేచి రావాల్సిందే. ఊరికే, కనబడేట్టు, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనిస్తూ కూర్చోవాలి.

గురువారం పొద్దున డబ్బాలో పెరుగన్నం, గోంగూర పచ్చడి, సీసాతో నీళ్ళు పెట్టుకున్నాను. మా అబ్బాయి చూసి, "కాలేజీకీ కాలువకీ తేడా లేదా అమ్మా?" అన్నాడు.

"ఉంది. కాలేజీలో ఫ్యాను ఉంటది."

రైల్లో నిడుబ్రోలు దాటాక అమ్మాయి, "అత్తయ్యా, మీరక్కడ గొడవ చేస్తే నేను తలెత్తుకోలేనండి" అంది.

"గొడవ చేసేదాన్నైతే డబ్బా ఎందుకే? నువ్వు నీ క్లాసుకి పో. నేను నీ అత్తనని ఎవరికీ చెప్పనులే."

కాలేజీలో కరస్పాండెంటు గారి గది ముందు వరండాలో ఒక బెంచీ ఉంది. కొడుకుల్నీ కూతుళ్ళనీ వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను బెంచీ చివర, ఆయన తలుపు తీస్తే కనబడే చోట కూర్చున్నాను. అటెండరు వచ్చాడు. మా అబ్బాయి కంటే కాస్త పెద్దవాడు.

"మామ్మగారూ, అడ్మిషనాండి?"

"కాదు బాబూ."

"ఫీజు సంగతాండి?"

"కాదు."

"మరేంటండి?"

"మీ కరస్పాండెంటు గారితో పని."

"సార్ ఇవాళ ఖాళీ అవరండి. సాయంత్రం అయిపోయిద్ది."

"అవనీ."

కాసేపటికి ఒక అమ్మాయి ట్రేలో బాదంపాలు పట్టుకొచ్చింది. అడ్మిషన్ల రోజుల్లో వచ్చినవాళ్ళందరికీ ఇస్తున్నారు. నేను వద్దన్నాను. "షుగరా మామ్మగారూ? చక్కెర లేని టీ తెమ్మంటారా?" అని అడిగింది. అదీ వద్దన్నాను. పాపం, బెంచీ మీదున్న మిగతావాళ్ళు నన్ను చూసి తమ గ్లాసులు దాచుకున్నంత పని చేశారు.

మా కోడలు రెండు సార్లు ఆ వరండాలో నుంచి వెళ్ళింది. రెండు సార్లూ గోడ వైపు చూస్తూ వెళ్ళింది. కరస్పాండెంటు గారు కూడా బయటికీ లోపలికీ తిరిగారు. మొదటిసారి నన్ను చూడలేదు. రెండోసారి చూశారు. మూడోసారి వచ్చినప్పుడు అటెండరు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన నా డబ్బా వంక, నీళ్ళ సీసా వంక చూసి ఆగిపోయారు.

"ఏ ఊరండీ మీది?"

"నగరం దగ్గరండి. ఇప్పుడు అంగలకుదురు."

"శివారు వాళ్ళా!"

"అవునండి."

ఆయన గట్టిగా నవ్వారు. "మా నాన్నగారి తూము దగ్గర మీలాంటివాళ్ళు కూర్చునేవాళ్ళు. మా అమ్మ మజ్జిగ ఇచ్చి పంపేది, ఒక్కళ్ళూ పుచ్చుకునేవాళ్ళు కాదు. ఎవరి తాలూకండి మీరు?"

అప్పుడు చెప్పక తప్పలేదు. "కెమిస్ట్రీ మేడం అత్తగార్నండి."

ఆయన నవ్వు ఆగింది గానీ మర్యాద తగ్గలేదు. "అయ్యో, ముందే చెప్పొద్దూ? లోపలికి రండి. ఏసీలో కూర్చుని మాట్లాడుకుందాం. భోజనం వేళయింది, తెప్పిస్తాను."

"ఇక్కడే బాగుందండి."

"లోపలికి వస్తే ఏమవుద్దండీ?"

"షట్టరు ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోద్దండి."

ఆయన బెంచీ పక్కనే నిలబడి తన బాధ చెప్పారు. అబద్ధం చెప్పారని నేననను. కెమిస్ట్రీకి మనుషులు దొరకడం లేదట. సగం క్లాసులు ఎవరు చెబుతారట. మూడేళ్ళు తిరిగాక, మంచి పేరొచ్చాక, అమ్మాయి పెద్ద యూనివర్సిటీకి వెళ్ళిపోతుందట. "అదీకాక పురుడొస్తోంది కదండీ. రెండు మూడు నెలలు ఎలాగూ రాదు. ఆడపిల్ల ఆరోగ్యం చూసుకోవాలి గానీ, ఈ పరుగులెందుకు? మీరు పెద్దవాళ్ళు, మీరే చెప్పాలి."

"పురుడు చూసుకోడానికి వాళ్ళమ్మ ఉంది, నేనున్నాను. ఆ భారం మీ మీద పెట్టంలెండి."

"పోనీ, వారానికి ఒక పూట తగ్గిస్తాను. అలా రాసి ఇస్తాను."

"సగం అన్నారండి వాళ్ళు."

"అదేనండి, కొద్దికొద్దిగా..."

"బెత్తెడు నీళ్ళు వదిలితే శివారుకి చేరవండి. దారిలోనే ఇంకిపోతాయి."

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్నారు. నేను డబ్బా విప్పి పెరుగన్నం తిన్నాను. భయం వేయలేదని చెప్పను. కాలువ దగ్గరైతే నీళ్ళు కనబడతాయి, ఎంత ఉన్నాయో తెలుస్తుంది. ఇక్కడ తలుపు తప్ప ఏమీ కనబడదు. పైగా ఇది నా మడి కాదు. ఆయనకు కోపమొస్తే పోయేది అమ్మాయి ఉద్యోగం.

మధ్యాహ్నం క్లాసు అయ్యాక అమ్మాయి వచ్చింది. ఈసారి గోడ వైపు చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఏమన్నారు?" అంది. చెప్పాను. పురుడు మాట కూడా చెప్పాను. అమ్మాయి మొహం ఎర్రబడింది. చేతిలో ఉన్న హాజరు పుస్తకం నా డబ్బా మీద పెట్టి, నా పక్కన కూర్చుంది.

"నీకు ఇంకో క్లాసు లేదూ?" అన్నాను.

"లేదు. అడ్మిషన్ల డ్యూటీ ఉంది. వెళ్ళను."

గేటు మీద ఉన్న మొహం వచ్చి బెంచీ మీద కూర్చుంటే జనం చూడకుండా ఉంటారా? చీరాల వైపు నుంచి ఒకాయన కూతుర్ని చేర్పించడానికి వచ్చాడు. మగ్గం నేసేవాళ్ళమని అప్పటికే నాతో చెప్పి ఉన్నాడు. ఆయన దగ్గరికి వచ్చి, "ఆ ఫ్లెక్సీలో ఉన్నది మీరేనా మేడం? మా అమ్మాయి కెమిస్ట్రీ అంటోందండి. మీరే చెప్తారా?" అన్నాడు.

"చెప్తానండి."

"ఆ ఫెలోషిప్పు అంటే మా పిల్లలకీ ల్యాబులో పనికొచ్చిద్దాండి?"

"వస్తుందండి. సామాన్లు కొంటాం, పిల్లలూ చేస్తారు. కానీ దానికి కాలేజీ సంతకం ఇంకా అవలేదు. రేపే ఆఖరు రోజు. అందుకే కూర్చున్నాం."

ఆయనకు అర్థం కాలేదు. "అదేంటండి, వచ్చిందని ఫ్లెక్సీ కట్టారుగా?"

"వచ్చిందండి. సంతకమే రాలేదు."

ఆయన చేతిలో ఉన్న దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూతుర్ని పిలిచి, "కూర్చో అమ్మా, మేడం పని అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల నా అవతల కూర్చుంది. ఆ పక్కనున్న ఆవిడ ఏంటీ ఏంటీ అని అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ ఇంకొకరికి చెప్పింది. మేము ఎవరినీ కూర్చోమనలేదు. ఒక్క మాట గట్టిగా అనలేదు.

అటెండరు పరుగులాంటి నడకతో వచ్చాడు. "మేడం, సార్ లోపలికి రమ్మంటున్నారండి. కాగితం పట్టుకు రమ్మన్నారు."

అమ్మాయి లేవలేదు. నేను మోచేత్తో పొడవాల్సిన అవసరం కూడా రాలేదు. "కాగితం సార్ టేబుల్ మీదే ఉందండి, పది రోజులుగా. పట్టుకు రావాల్సింది నేను కాదు" అంది.

అటెండరు నోరు తెరిచి నా వంక చూశాడు. నేను పైన ఫ్యాను వంక చూశాను.

తలుపు తెరుచుకుంది. కరస్పాండెంటు గారు కాగితం, పెన్ను, సీలు పట్టుకుని తనే బయటికి వచ్చారు. వరండాలో టేబుల్ మీదున్న బాదంపాల ట్రే పక్కకు జరిపించి, అక్కడే సంతకం పెట్టారు. అమ్మాయి కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, "థాంక్యూ సార్" అని, స్టాఫ్ రూములో కంప్యూటరు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన అక్కడున్న వాళ్ళందరికీ వినబడేట్టు, "రేపటి నుంచే మేడంకి సగం క్లాసులు. టైంటేబులు మార్పిస్తున్నాం. మన కాలేజీకి గర్వకారణం" అన్నారు. తర్వాత వంగి, నాకొక్కదానికే వినబడేట్టు, "గెలిచారండీ, శివారు వాళ్ళు" అన్నారు.

"నీళ్ళు వచ్చాక చెప్తానండి" అన్నాను.

కోపం ఉంది ఆయన కళ్ళలో. జాలి మాత్రం వెతికినా లేదు. అందుకే చుట్టాలు చెప్పుకునే కథ తప్పు అంటున్నాను. జాలి మీద వచ్చింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. వంతు మీద వచ్చింది అలా తీసుకోలేరు.

కాగితం వెళ్ళింది, అందిందని అటు నుంచి జవాబు కూడా వచ్చింది. తిరుగు రైల్లో అమ్మాయి నా భుజం మీద తల పెట్టి తెనాలి దాకా నిద్రపోయింది. ఇంటికొచ్చాక మా అబ్బాయి, "ఏం చేశావమ్మా?" అంటే, "కూర్చున్నా" అన్నాను.

మర్నాడు పొద్దున మళ్ళీ డబ్బా కట్టుకుంటుంటే అమ్మాయి వచ్చింది. "ఇవాళ ఎందుకత్తయ్యా? సంతకం అయిపోయిందిగా?"

తను కాలువల్లేని మెట్ట ఊళ్ళో పుట్టింది, తనకేం తెలుసు? అందరూ చూస్తుండగా పైవాళ్ళు నీళ్ళు వదులుతారు, మనం ఇంటికి రాగానే దారి మళ్ళించేసుకుంటారు. అందుకని వదిలిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూసుకోవాలి. నేను తన వెంట రైలెక్కాను. కాలేజీ నోటీసు బోర్డు మీద టైంటేబులు ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. అటెండర్ని పిలిచి, కెమిస్ట్రీ మేడం క్లాసులు చదివి చెప్పమన్నాను. అతను వేలు పెట్టి చూసి, గొంతు తగ్గించి, "నిన్నటిదేనండి మామ్మగారూ. ఇంకా మార్చలేదు" అన్నాడు.

నేను వెళ్ళి, కరస్పాండెంటు గారి తలుపుకు ఎదురుగా, బెంచీ మీద కూర్చున్నాను.